కిరీటం మీద పడ్డ నవ్వు

మార్కండేయులు మగ్గం గుంటలో కూర్చున్నా రాజేనంట. నూలు మోసే నాడె విసిరాడనుకో, ఎదురుగా ఎవడో సామంతుడు నిలబడ్డట్టూ, వాడి మీదికి కత్తి దూసినట్టూ పోయేదంట ఆ చెయ్యి. చీరాల అవతల నూలుపాలెం అని ఒక ఊరు, నూటయాభై గడప, అందరూ నేతగాళ్లే. ఆ ఊరోడు. ఇంటిపేరు కర్నాటి. యాభై ఎనిమిదేళ్లు, బక్కమనిషి, మెడ మాత్రం ఇంత పొడుగు. మెడ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, కిరీటం నిలబడేది తల మీద కాదు, మెడ మీద. ముప్పై ఏళ్ల పాటు ఆ ఊరి నాటకంలో రాజు వేషం ఆయనదే. ఏ నాటకమైనా కానీ, ఏ రాజైనా కానీ, మార్కండేయులే. ఇంట్లో భార్య భద్రమ్మ, ఏమయ్యా రాజుగారూ, రాజ్యం తర్వాత ఏలుదువుగానీ ముందు బిందెడు నీళ్లు తెచ్చి పొయ్యి దగ్గర పెట్టు, అంటే, అటులనే దేవీ, అని లేచి పోయేవాడంట. వేళాకోళానికి కాదమ్మాయ్, నిజంగానే అనేవాడు. ఆ నోటికి ఆ మాటలే అలవాటైపోయినై.

ఇప్పుడు కిరీటం సంగతి చెప్పాలి, అది తెలియకపోతే ఈ కథలో ఏమీ లేదు. ఆ ఊళ్లో నాటకం నేర్పింది దాసు మేష్టారని, హార్మోనియం ఆయనే, పద్యం ఆయనే, బెత్తం కూడా ఆయనే. ఆయన తేలికైన పొణికి కర్రతో ఒక కిరీటం చెక్కించి, బంగారు నీరు పూయించి, ఎర్రరాళ్లు పొదిగించాడు. ఆయన పోయాక అది ఆయన భార్య దగ్గరుంది, ట్రంకు పెట్టెలో, మల్లుగుడ్డలో చుట్టి. ఆవిడ్ని ఊరంతా మేష్టారమ్మ అంటారు, ఎనభై మూడేళ్లు. నాటకం ఉన్నరోజు రాజు వేషగాడు తలస్నానం చేసి పోయి అడిగితే ఇస్తుంది, తెల్లారి తెచ్చి అప్పజెప్పాలి. దానికి మేష్టారు పెట్టిపోయిన కట్టు ఒకటుంది. ఏందంటే, ఆ కిరీటం ఉన్న తలని చూసి జనం నవ్వారా, ఇక ఆ తల మీదికి కిరీటం ఎక్కదు. జన్మలో ఎక్కదు. బిట్రా నాగలింగానికి అట్టాగే పోయింది, రాణిని ఓదారుస్తా ఉంటే మీసం ఊడి ఆమె భుజం మీద అతుక్కుంది. దామర్ల చినబ్బాయికీ అంతే, శపథం చేస్తా చేస్తా మధ్యలో మూడు తుమ్ములు తుమ్మాడు. ఆ ఇద్దరూ ఆనాటి నుంచీ ఒకడు మంత్రి, ఒకడు ద్వారపాలకుడు. మార్కండేయులు మాత్రం ముప్పై ఏళ్లు, నూటపదకొండు నాటకాలు, ఒక్క నవ్వు లేకుండా మోశాడంట. అట్టా మోసినోడికి ఎనిమిదేళ్ల నుంచి పిలుపు లేదు. నాటకం ఎవరు పెట్టిస్తన్నారు ఇప్పుడు? కిరీటం పెట్టెలో, రాజు మగ్గం గుంటలో.

అట్టా ఉండగా ఏమైందంటే, ఊళ్లోకి సినిమావాళ్లు దిగారు. మూడు బస్సులు, ఒక లారీ, నలభైమందికి పైన జనం. డైరెక్టరు పేరు విహారి, ముప్పై ఏళ్ల పిల్లాడు, గడ్డం, మోకాళ్ల దాకా నిక్కరు. వాళ్లు తీసే సినిమా ఏందో మీకు చెప్తా, గుర్తుపెట్టుకోండి. చరిత్ర సినిమాలు మీరూ చూశారుగా, ఒక్కడే వెయ్యిమందిని నరుకుతాడు, నరికేటప్పుడు వాడి జుట్టుకి మాత్రమే గాలి తగులుద్ది, గుర్రం కూడా నీళ్లలో నడిచినట్టు మెల్లిగా పరిగెత్తుద్ది. అట్టాంటివాటిని వెక్కిరిస్తా తీసే నవ్వుల సినిమా అనుకో అది. సోమిదేవ మహారాజని ఒక రాజు. ఆయన సామ్రాజ్యం మొత్తం మూడున్నర ఊళ్లు. ఆ అర ఊరు దేనికంటే, మిగతా సగం పక్క రాజుది. ఆ పక్క రాజు వచ్చి ఈయన ఆవకాయ జాడీ ఎత్తుకుపోతాడు. దానికోసం మహాయుద్ధం. అదీ కథ. ఇది మీకు తెలుసు, నాకు తెలుసు, ఊళ్లో టీ కొట్టు దగ్గర కుక్కకి కూడా తెలుసు. తెలియంది ఒక్క మార్కండేయులికే.

ఎందుకు తెలియలేదు, ఆయనకి చెవులు లేవా, అంటావేమో. చెప్పబోయారయ్యా, ఆయనే వద్దన్నాడు. విహారి వచ్చి ఆయన చేత రెండు పద్యాలు పాడించుకున్నాడు, ఊపిరి తీసుకోకుండా పాడితే కళ్లప్పగించి చూశాడు, మాస్టారూ మా రాజు మీరే, కూర్చోండి కథ చెప్తాను, అన్నాడు. మార్కండేయులు చెయ్యి ఇట్టా ఎత్తి, కథ నాకక్కర్లేదు బాబూ, నా పోర్షన్ రాసివ్వండి చాలు, అన్నాడంట. దాసు మేష్టారి పద్ధతి అది. ఎవడి మాటలు వాడికి రాసిచ్చేవాడు, పక్కోడి కాయితం చూస్తే బెత్తంతో వాయించేవాడు. రేపు చచ్చిపోతావని ఇవాళ తెలిస్తే ఇవాళే నీ మొహం చచ్చిపోద్ది, రాజుకి ముందు సంగతి తెలియకూడదురా, అనేవాడంట. విహారి రెండోసారి కూడా అడిగాడు, ఒక్క ముక్కలో చెప్తా మాస్టారూ వినండి, అని. వద్దంటే వద్దన్నాడు. సరే, పెద్దాయన ఇష్టం, అని ఆయన మాటలు మాత్రం టైపు కొట్టించి ఇచ్చారు. ఆ కాయితాల్లో ఏముంది? నా గుండెకాయను అపహరించినవాడు ఏ దిక్కున దాగినా, ఆ దిక్కునే పెకలించి తెచ్చెదను, అని ఉంది. నీవు లేని ఈ కోట నాకు శ్మశానము, అని ఉంది. జాడీ అన్నమాట ఎక్కడా లేదు. ఆయనేమనుకున్నాడు? పట్టపురాణిని ఎత్తుకుపోయారనుకున్నాడు. ఇంటికొచ్చి, భద్రా, రాణి వేషం ఎవరిదో గానీ చాలా గొప్ప పాత్రే, అన్నాడంట.

సినిమావాళ్లు ఒక కిరీటం ఇచ్చారు, ప్లాస్టిక్కుది. బ్యాటరీ వేస్తే వెలుగుద్ది. మార్కండేయులు దాన్ని రెండువేళ్లతో పట్టుకుని చూసి తిరిగిచ్చేసి, తలస్నానం చేసి మేష్టారమ్మ ఇంటికి పోయాడు. ఆవిడ అరుగు మీద చింతపండు గింజలు తీసుకుంటా ఉంది. ఒరే మార్కండా, ఎన్నాళ్లకి వచ్చావురా, ఏం నాటకం, అంది. నాటకం కాదమ్మా, సినిమా, చారిత్రకం, అన్నాడు. ఎవరి చరిత్ర? సోమిదేవ మహారాజు చరిత్ర. నేను వినలేదే, ఏ వంశం? అది పోర్షన్‌లో లేదమ్మా, చదువుకున్న పిల్లలు గదా తీసేది, వాళ్లకి తెలిసే ఉంటది. ఆవిడ ఆయన వంక చూసి, కట్టు గుర్తుందా, అంది. ఉందమ్మా. సినిమా అంటే చాలామంది చూస్తారురా. చూడనియ్యండమ్మా, అన్నాడు. ఆవిడ లేచి పెట్టె తెరిచి, తీయడం అయినాక తెచ్చి అప్పజెప్పు, అని ఇచ్చింది. ఎనిమిదేళ్ల తర్వాత అది చేతుల్లోకి రాగానే ఆ మెడ దానంతటదే నిటారైందంట.

అయిదు రోజులు తీశారు. మొదట్లో అన్నీ ఆయన ఒక్కడివే. వెనక పచ్చగుడ్డ కట్టి, ముందు కెమెరా పెట్టి, చెప్పండి మాస్టారూ, అనేవాళ్లు. ఈయన గర్జించేవాడు. అక్కడ విహారి పెట్టిన ఆర్డరు ఏందంటే, ఎవడూ నవ్వకూడదు, నవ్వితే సౌండు పాడవుద్ది, అని. దాంతో లైట్లు పట్టుకున్నోళ్లూ, గొడుగులు పట్టుకున్నోళ్లూ, మేకప్పు అమ్మాయీ, అందరూ తువ్వాళ్లు నోట్లో కుక్కుకుని, భుజాలు ఎగరేస్తా, కళ్లెమ్మట నీళ్లు కార్చేవాళ్లు. మార్కండేయులు అది చూశాడు. పాపం ఏడుస్తన్నారు, అనుకున్నాడు. పట్నం పిల్లలైనా మనసున్న పిల్లలు, అనుకున్నాడు. వాళ్లు ఏడ్చేకొద్దీ ఈయన ఇంకాస్త పెంచేవాడు, ఈయన పెంచేకొద్దీ వాళ్లు ఇంకాస్త కుక్కుకునేవాళ్లు. భద్రమ్మ మాత్రం ఇక ఉండబట్టలేకపోయింది. నాలుగోరోజు కేరియర్‌లో అన్నం తెచ్చి, ఏమయ్యా, అక్కడ చెట్లకింద గేదెలకి తొండాలు కడుతున్నారు, గుడ్డ తొండాలు, నేను కళ్లారా చూశా, అంది. మార్కండేయులు ముద్ద మింగి, అది వ్యూహం దేవీ, దూరం నుంచి చూసిన శత్రువు గజబలం అనుకుంటాడు, అన్నాడు. మరి సింహాసనం ఏందయ్యా, మన మంగలి సాంబయ్య కొట్లో కుర్చీకి బంగారు రంగు వేశారు, గిర్రున తిరుగుతుంది. నాలుగు దిక్కులూ చూడాలి గదా రాజు, అన్నాడంట. ఏం చేద్దువు అటువంటి మనిషిని? ఆమె మజ్జిగ పోసింది.

అయిదోరోజు యుద్ధం. ఊరిబయట ఇసుక దిబ్బల మీద. ఆ రోజు మగ్గాలన్నీ ఆగిపోయినై, ఊరు ఊరంతా వచ్చి తాడు కట్టిన చోట కూర్చుంది, గొంగళ్లు పరుచుకుని, మరమరాలు తెచ్చుకుని. ఎనిమిదేళ్లయింది గదా మన రాజుని చూసి. నాగలింగం, చినబ్బాయి కూడా ముందు వరసలో ఉన్నారు. మార్కండేయులు కిరీటం పెట్టుకుని దిబ్బ దిగి వస్తా ఉంటే లేచి నిలబడ్డారంట అందరూ. పక్క రాజు వేషం వేసింది పట్నం నుంచొచ్చిన లావుపాటి నటుడు, భోగరాజు అని, ఆయన నడిస్తేనే జనం నవ్వేవాళ్లు. కత్తులు తగిలినై, తిరిగారు, దూకారు, భోగరాజు పొడిచాడు. మార్కండేయులు రొమ్ముకి అప్పటికే ఏడు బాణాలు అంటించి ఉన్నై. కింద పడబోతా, మోకాళ్ల మీద నిలబడి, చావు పద్యం ఎత్తుకున్నాడు.

పోవుచుంటిని నెచ్చెలీ పుడమి విడిచి
కత్తి చేజారె కన్నులు కమ్ముకొనియె
నిన్ను కాచుట కొరకు నే నేలగూలి
తిరిగి పుట్టిన నీ చెంతె తిరుగువాడ

ఆ చివరి ‘తిరుగువాడ’ దగ్గర రాగం తీశాడయ్యా, ఇసుక దిబ్బ అవతల మేసే మేకలు తలెత్తి చూసినయ్యంట. తీసి తీసి, ఒరిగి చచ్చిపోయాడు. ఊళ్లో ఆడోళ్లు కొంగులు కళ్లకి అడ్డం పెట్టుకున్నారు. ఇక కట్ అనాలి విహారి. అనబోతా ఉండగా, తాడు దగ్గర నుంచి నాగలింగం లేచి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి, వన్స్ మోర్, అని అరిచాడు. ఊరంతా అందుకుంది, వన్స్ మోర్, వన్స్ మోర్!

మన నాటకాల్లో ఆ మాటకి ఎంత విలువో పెద్దోళ్లకి తెలుసు, పిల్లల కోసం చెప్తున్నా. పద్యం బాగుంటే జనం ఆ మాట అంటారు, అంటే మళ్లీ పాడాలి. వేషగాడు అప్పటికి చచ్చినా సరే, లేచి పాడాలి. లేవకపోతే జనాన్ని అవమానించినట్టు. మార్కండేయులికి అది సినిమా అని ఒక్క క్షణం గుర్తులేదు. గుర్తున్నా లేచేవాడే అనుకో. చచ్చినోడు లేచాడు. ఏడు బాణాలతో లేచి, జనానికి దణ్ణం పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, అరశ్రుతి పెంచి మళ్లీ పాడాడు. భోగరాజుకి ఏం చెయ్యాలో తెలియలేదు. చంపినోడు లేచాడు గదా, మళ్లీ చంపాలా వద్దా? పద్యం అయ్యేదాకా కత్తి పట్టుకుని వినయంగా నిలబడి, అవగానే మళ్లీ ఒకసారి మెల్లిగా పొడిచాడు. మార్కండేయులు మళ్లీ చచ్చాడు. పడేటప్పుడు ఎడమచెయ్యి తల మీదికి పోయి కిరీటాన్ని పట్టుకుంది, నేలకి తగలకుండా. కొనఊపిరి పోయినా ఆ చెయ్యి దించలేదు. మళ్లీ వన్స్ మోర్. మళ్లీ లేచాడు. ఈసారి తొండం కట్టిన గేదె ఒకటి వచ్చి పక్కన పడుకుంది.

అంతే, ఇక ఆగలేకపోయారు. ముందు మేకప్పు అమ్మాయి తువ్వాలు నోట్లోనుంచి పడిపోయింది. తర్వాత లైట్లోళ్లు. కెమెరా పట్టుకున్నోడు కెమెరాతో సహా ఊగాడు. విహారి అయితే ఇసుకలో బోర్లాపడి గుద్దుతా నవ్వాడంట. భోగరాజు కత్తి మీద ఆనుకుని, చాలు బాబోయ్, కడుపు నొప్పి, అన్నాడు. అవతల ఊరోళ్లు బిత్తరపోయి చూస్తన్నారు, సినిమా నవ్వులదైతే మాత్రం చావు పద్యానికి వీళ్లు నవ్వుతారేంది, అని. మార్కండేయులు రాగం మధ్యలో ఆగిపోయాడు. చుట్టూ చూశాడు. అప్పుడు కనపడిందంట ఆయనకి అంతా. గేదె తొండం కనపడింది. అట్ట కోట వెనక ఆనించిన కర్రలు కనపడినై. పక్క రాజు రథం మీద, పట్టు దిండు మీద, పూలదండ వేసి పెట్టిన ఆవకాయ జాడీ కనపడింది. నెచ్చెలి అదే. తను పాడిందీ దానికే. కిరీటం తీశాడు, రెండుచేతులా పట్టుకున్నాడు, రొమ్ముకి బాణాలతో అట్టాగే నడుచుకుంటా ఇంటికి పోయాడు. ఊరు కూడా గొంగళ్లు దులుపుకుని ఆయన వెనకాల పోయింది.

ఇంటికి పోయి అరుగు మీద కూర్చుని, పోయిందే భద్రా, అన్నాడు. ఇక ఈ తల మీదికి ఇది ఎక్కదు. ముప్పై ఏళ్లు మోసి, జాడీ ముందు పోగొట్టుకున్నా. భద్రమ్మ ఒక్కొక్క బాణమే ఊడబెరుకుతా, కథ వినవయ్యా అన్నప్పుడు వింటే ఏమయ్యేది, అనబోయి, ఆయన మొహం చూసి ఇంకో బాణం మీద చెయ్యేసింది. ఆ సాయంత్రమే విహారి వచ్చాడు, ఒంటరిగా, చెప్పులు వీధిలో విడిచి. మాస్టారూ, క్షమించండి, మేం నవ్వింది మిమ్మల్ని చూసి కాదు. మరి ఎవర్ని చూసి బాబూ? విహారి తల దించుకుని, అబద్ధం చెప్పను, మిమ్మల్ని చూసే, అన్నాడు. అయితే ఎందుకు నవ్వామంటే, అక్కడ మేం పెట్టిందంతా ఉత్తుత్తిదే, గేదెలు, కుర్చీ, జాడీ, నేను రాసిన మాటలతో సహా. మీరొక్కరే నిజం. అందుకే ఆపుకోలేకపోయాం. మీరు వద్దంటే అదంతా తీసేస్తాను, కథలో ముందొచ్చే పట్టాభిషేకం సీను ఒక్కటే తీయాల్సింది మిగిలింది, అదీ మానేస్తాను, మీ పేరుకి మచ్చ రానియ్యను, అన్నాడు. మార్కండేయులు, ఉంచేది, తీసేది చెప్పాల్సింది నువ్వూ కాదు, నేనూ కాదు బాబూ, కిరీటం ఎవరిదో వాళ్లు చెప్పాలి, రేపు పొద్దున అప్పజెప్పడానికి పోతున్నా, నువ్వూ రా, అన్నాడు.

పొద్దున్నే పోయారు. మార్కండేయులు కిరీటం పట్టుకుని ముందు, విహారి, వాళ్ల మనుషులు వెనక, ఇంకా వెనక ఊరు. మేష్టారమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. మార్కండేయులు కిరీటం ఆవిడ ఒళ్లో పెట్టి, నవ్వు పడిందమ్మా, అన్నాడు. ఆవిడ విహారి వంక తిరిగి, ఏదీ చూపించు, అంది. వాళ్ల దగ్గర పలక లాంటిది ఉంటది గదా, దాంట్లో చూపించారు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, దగ్గరికి తెచ్చుకుని చూసింది. మొహంలో కండ కదల్లేదు. చచ్చాడు, లేచాడు, పాడాడు, చచ్చాడు, లేచాడు. అయిపోయింది. మళ్లీ వెయ్యి, అంది. మళ్లీ చూసింది. అప్పుడు అడగడం మొదలుపెట్టింది. ఏరా మార్కండా, మొదటిసారి ఏ శ్రుతిలో ఎత్తుకున్నావు? అయిదున్నర అమ్మా. రెండోసారి? ఆరు. మూడోసారి ఆరూ నిలబడిందా? నిలబడిందమ్మా, వీళ్లు ఆపబట్టి గానీ. మాట తడబడ్డావా? లేదమ్మా. నువ్వు నవ్వావా? అయ్యో, లేదమ్మా. చచ్చేటప్పుడు ఆ చెయ్యి నెత్తిమీద ఎందుకు పెట్టావు? కిరీటం ఇసుకలో పడుద్దేమోనని. చచ్చినోడికి ఎందుకురా ఆ సంగతి? నేను చచ్చినా అది మేష్టారిది గదమ్మా, అన్నాడు మార్కండేయులు.

మేష్టారమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. తుడుచుకుని, ఇట్టా చెప్పిందంట. మా ఆయన కట్టు పెట్టింది దేనికి? వేషగాడు ఒళ్లు దగ్గర పెట్టుకోకపోతే జనం నవ్వుతారు, ఆ ఒళ్లు తెలియనితనానికి శిక్ష అది. నాగలింగం మీసానికి జిగురు సరిగా పెట్టుకోలా, చినబ్బాయి జలుబుతో వచ్చాడు. వీడు ఏం తప్పు చేశాడు? చచ్చి కూడా చెయ్యి దించలేదు. కాబట్టి వీడి తల మీద నుంచి కిరీటం దిగదు. నాగలింగమే ముందు, అవునమ్మా, అన్నాడంట. ఊరోళ్లు సంతోషంతో గోల చెయ్యబోయారు, ఉండండి, అంది ఆవిడ. నవ్వు పడిందా, పడింది. పడింది పడ్డట్టే, దాన్ని ఊరకే పోనివ్వను. నవ్వించినోడు కాదు, నవ్వినోళ్లు చెల్లించండి. తలకొక కొబ్బరికాయ తెచ్చి, ఈ కిరీటం ముందు కొట్టి, అప్పుడు మిగతా సినిమా తీసుకోండి. విహారి వెంటనే, నాది ఒకటి కాదమ్మా, ఇసుకలో పడి దొర్లాను, రెండు, అన్నాడు. కెమెరా అబ్బాయివి కూడా రెండు రాసుకోండి, వాడు ఊగాడు, అంది ఆవిడ. అని, ఇంకోసారి వెయ్యి ఆ గేదె పడుకునేది, అని ఆ పలక లాక్కుంది. చూసింది. చూస్తా చూస్తా ఆవిడ బోసి నోరు మెల్లిగా సాగింది, భుజాలు ఎగిరినై, కొంగు కుక్కుకుంది, ఆగలా, అరుగు మీద అటూ ఇటూ ఊగిపోతా, మా ఆయన చూసి ఉంటేనా, మా ఆయన చూసి ఉంటేనా, అని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. నిన్నటి నుంచీ బిగబట్టుకున్న ఊరు కూడా అప్పుడు నవ్వింది చూడూ, ఆ వీధిలో మగ్గాల మీద దారాలు కదిలినయ్యంట. నవ్వి నవ్వి ఆవిడ, నాదొక కాయ, అంది. మీవీ తలకొకటి, తప్పించుకుంటానికి లేదు, అంది ఊరితో.

చీరాల నుంచి లారీలో తెప్పించారంట కాయలు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా కొడతానే ఉన్నారు. వారం రోజులు నూలుపాలెంలో ఏ ఇంట్లో చూసినా కొబ్బరిపచ్చడే. మర్నాడు పట్టాభిషేకం తీశారు, మంగలి కుర్చీ మీద మార్కండేయులు కూర్చుంటే అది నిజంగానే సింహాసనంలా ఉందంట, గిర్రున తిప్పితే నాలుగు దిక్కులూ నిజంగానే చూశాడంట. సినిమావాళ్లు పోయారు, ఆరు నెలలకి సినిమా వచ్చింది. మార్కండేయులూ భద్రమ్మా చీరాల పోయి పగటాటకి కూర్చున్నారు. ఆయన మొదట మెడ నిలబెట్టి, ఎవరింటికో పెళ్లిచూపులకి పోయినట్టు కూర్చున్నాడు. తెర మీద సోమిదేవ మహారాజు గర్జించగానే హాలు మొత్తం పగలబడి నవ్వింది. మార్కండేయులు చుట్టూ చూసి, భద్రా, ఇంతమంది కాయలు ఎవరు కొడతారే, అన్నాడంట బెంగగా. నోరు మూసుకుని చూడవయ్యా, అంది భద్రమ్మ, అప్పటికే నవ్వి నవ్వి ఆమెకి పొలమారింది. తర్వాత యుద్ధం వచ్చింది. రాజు మోకాళ్ల మీద నిలబడ్డాడు, నెచ్చెలీ, అన్నాడు, అనగానే జాడీని చూపించారు. పూలదండ వేసిన జాడీ. ఆ బక్కమనిషి, ఆ పొడుగుమెడ, ఏడు బాణాలు, ఆ జాడీ. చచ్చినోడి చెయ్యి మెల్లిగా నెత్తి మీదికి పోయింది. అప్పుడు మార్కండేయులికి లోపల ఎక్కడో కదిలిందంట. ముప్పై ఏళ్లుగా కిరీటం కింద నొక్కిపెట్టిందంతా ఒక్కసారి పైకొచ్చింది. చూడవే భద్రా, చచ్చి కూడా ఎట్టా పట్టుకున్నాడో వెధవ, అని ముందు సీటు మీద కొట్టుకుంటా నవ్వాడంట. ముందు సీటాయన వెనక్కి తిరిగి, ఏందయ్యా పెద్దాయనా, అని, మొహం చూసి, తెర చూసి, మళ్లీ మొహం చూసి, మీరేనా, అన్నాడు. నేను కాదు నాయనా, ఆయన మహారాజు, నేను మగ్గం నేసుకునేవాణ్ణి, అని మళ్లీ నవ్వాడంట.

హాల్లో నుంచి బయటికొచ్చి, కొట్టుకి పోయి, చెవి దగ్గర ఊపి ఊపి చూసి ఒక కొబ్బరికాయ కొన్నాడు. బస్సు దిగి నేరుగా మేష్టారమ్మ ఇంటికి పోయాడు. ఎవరిదిరా ఈ కాయ, అంది ఆవిడ. నాదేనమ్మా, సోమిదేవ మహారాజుని చూసి నవ్వాను, అన్నాడు తల వంచుకుని. ఎంతసేపు నవ్వావు? ఆట అయ్యేదాకా, బస్సులో కూడా కాస్త. అయితే ఒకటెట్టా సరిపోద్దిరా, పో, ఇంకోటి పట్రా, అందంట ఆవిడ. మార్కండేయులు అటులనే అని ఈసారి ఊళ్లో కొట్టు దాకా నడిచాడు.

అదయ్యా సంగతి. ఇదంతా నేను కల్పించానని అనుమానం ఉన్నోళ్లు నూలుపాలెం పోయి అరుగు మీద ఆవిడ్నే అడిగి రండి, ఇంకా గట్టిగానే ఉంది. కాకపోతే అడిగేటప్పుడు నవ్వబాకండి, ఆ ఊళ్లో కొబ్బరికాయ ధర ఇప్పటికీ కిందికి దిగలేదంట.